నీళ్ళ అడుగున ఒక్క నిమిషం

ఇరవయ్యెనిమిదేళ్ళ కూతురికి తోడుగా సముద్రం అడుగుకి కూడా వస్తానన్న తండ్రిని మీరెక్కడైనా చూశారా? చూడాలంటే తెనాలి రండి, మా ఇంట్లో ఉన్నారు. పేరు అచ్యుతరామయ్య. హైస్కూల్లో సంస్కృతం పంతులు, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు.

నా పేరు వాగ్దేవి. నాకు నోరెక్కువని మా అమ్మ మంగతాయారు ఫిర్యాదు. ఉంటే ఉంది! ఈ నాన్నని పెట్టుకుని నోరు లేకుండా బతకడం ఎవరివల్ల అవుతుంది? పదో తరగతి పరీక్షలకి తోడొచ్చారంటే సరే అనుకోవచ్చు. బాపట్లలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కూడా, సెలవు పెట్టి మరీ రైలెక్కి వచ్చి, పరీక్ష అయ్యేదాకా కాలేజీ గేటు బయట పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడికీ తయారు. రిసెప్షన్లో అమ్మాయి ఆయన్ని "మీ బయోడేటా ఇవ్వండి సార్" అని అడిగింది. నాకు తలకొట్టేసినట్టయింది. ఆయనకేమో అదో పెద్ద జోకు, నెలరోజులు బంధువులందరికీ చెప్పుకున్నారు.

నా ఉద్యోగం వంతెనల్ని పరీక్ష చెయ్యడం. పైనుంచి ఎంత బాగున్నా, నీళ్ళలో ఉన్న స్తంభం మొదలు ఎలా ఉందో ఎవరో ఒకరు దిగి చూడాలి కదా. దిగేవాళ్ళు ఫోటోలు తెస్తారు. మా డెల్టా కాలువల్లో తీసిన ఫోటోలో ఏముంటుందండీ, బురద తప్ప! నేనే దిగి చేత్తో తడిమి చూస్తే పగులు ఎక్కడుందో చెప్పగలనని మా సార్ దగ్గర గొడవ పెట్టాను. "చీకట్లో, బురదనీళ్ళలో డైవింగ్ నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకో, రేపల్లె వైపు వంతెనల పని నీకే ఇస్తా" అన్నారాయన.

మామూలు డైవింగ్ అప్పటికే విశాఖపట్నంలో నేర్చుకున్నాను. నాన్న అక్కడికీ వచ్చారని వేరే చెప్పాలా? గట్టు మీద కూర్చుని చూస్తారులే అనుకున్నాను. మూడోరోజు పొద్దున చూద్దును కదా, రబ్బరు డ్రెస్సు బిగించుకుని, తిలకం చెరిగిపోకుండా మాస్క్ ఎలా పెట్టుకోవాలా అని అవస్థ పడుతున్నారు! చిన్నప్పుడు తెనాలి కాలువలో ఈత కొట్టిన మనిషి. డాక్టరు పరీక్షలన్నీ చేసి, గుండె కుర్రాడి గుండెలా ఉందన్నాడు. దాంతో ఇంక ఆయన్ని ఆపేవాళ్ళు లేకపోయారు. పైగా రోజూ ప్రాణాయామం చేస్తారేమో, నా సిలిండరు అయిపోవచ్చేసరికి ఆయనది సగం కూడా ఖర్చయ్యేది కాదు. నేను కుళ్ళుకునేదాన్ని. అబద్ధం చెప్పడం ఎందుకు?

చీకటి డైవింగ్ నేర్పింది కోటేశ్వరరావు మాస్టారు. కర్లపాలెం మనిషి. నేవీలో డైవరుగా చేసి వచ్చి బాపట్లలో చిన్న స్కూలు పెట్టుకున్నారు. మొదటి పాఠానికి నీళ్ళే లేవు. ఆయన పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య వంకరటింకరగా ఒక తాడు కట్టారు. మాస్కులకి నల్ల టేపు అంటించి మాకు తొడిగారు. ఎడమచెయ్యి తాడు మీద పెట్టి, మోకాళ్ళ మీద పాక్కుంటూ చివరిదాకా వెళ్ళి రమ్మన్నారు. పక్కింటివాళ్ళు ప్రహరీ మీదనుంచి చూసి నవ్వుతున్నారని వినబడుతూనే ఉంది.

"చీకట్లో కళ్ళు లేవనుకోండి. తాడే మీ కళ్ళు. భూమి బద్దలైనా చెయ్యి తాడు మీంచి తియ్యకూడదు" అన్నారు మాస్టారు.

బుద్ధిగానే పాకాను. తిరిగొచ్చేటప్పుడు నా కాలు వెనకున్న నాన్న భుజానికి తగిలింది. వెంటనే తాడు వదిలేసి, వెనక్కి తిరిగి, ఆయన్ని తడుముకుని తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నాను. మన ఇళ్ళలో ఇది ఒకరు చెప్తే చేసేది కాదు కదండీ. పుస్తకానికి కాలు తగిలినా, బస్సులో ముక్కూమొహం తెలియని పెద్దావిడకి తగిలినా చెయ్యి దానంతటదే లేస్తుంది.

"దణ్ణాలు గట్టు మీద పెట్టుకోండమ్మా!" అని అరిచారు మాస్టారు. "తాడు ఏదీ? వెతుక్కో ఇప్పుడు."

పెరట్లోనే, నేల మీదే, ఆ తాడు మళ్ళీ దొరకడానికి నేను ఎంతసేపు దేవులాడానో! కొబ్బరిమట్ట పట్టుకుని తాడనుకున్నాను. నాన్న మాస్క్ తీసేసి పడీ పడీ నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు.

తర్వాత రేపల్లె దగ్గర కాలువలో, పట్టపగలు. టీ రంగు నీళ్ళు. మొహం ముందు పెట్టుకున్న అరచెయ్యి కనబడదు. గాలి ఎంతుందో చూపించే మీటరు మాస్క్‌కి ఆనించుకుంటే తప్ప కనబడదు. మొదట్లో కంగారుగా గబగబా గాలి పీల్చేసేదాన్ని. మాస్టారు నీళ్ళలో నా మోచెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కేవారు. బాగున్నావా అని దానర్థం. నేనూ ఒక్కసారి నొక్కితే బాగున్నానని. తొందరపడకుండా, అడుగున ఒండ్రు రేపకుండా, నెమ్మదిగా ఊపిరి పీల్చడం ఆ కాలువలోనే వచ్చింది నాకు. అంత ఓపిగ్గా నాకు ఎవరూ ఏదీ నేర్పలేదు. ఆయన కాళ్ళకి మొక్కినా తప్పులేదు.

అసలు గొడవ ఆ కాలువగట్టు మీదే జరిగింది. టీ తాగుతూ మాస్టారు ఆఖరి రూలు చెప్పారు. జోడీగా దిగినవాళ్ళు నీళ్ళలో విడిపోతే ఒక్క నిమిషం వెతకాలి. దొరకకపోతే ఇద్దరూ ఎవరికి వారు పైకి వచ్చెయ్యాలి.

"పంతులుగారూ, అమ్మాయి కనబడటం లేదు. నిమిషం చూశారు. ఇప్పుడేం చేస్తారు?" అని అడిగారు.

"ఇంకాస్త చూస్తానండి" అన్నారు నాన్న.

"తర్వాత?"

"అప్పటికి దొరుకుతుందిలెండి."

మాస్టారు టీ గ్లాసు గట్టు మీద ఠక్కున పెట్టారు. "దొరకదండీ! ఆ పిల్ల పైకొచ్చి పడవలో కూర్చుని ఏడుస్తుంటుంది. మీరు లేని మనిషి కోసం కింద బురద దేవుతుంటారు. వలముక్కల్లో చిక్కుకుంటారు. మీ కోసం ఆ పిల్ల మళ్ళీ దూకుతుంది. నేను రెండు శవాలు తెచ్చుకోవాలి. నేవీలో ఇలాంటివి చూశాను కాబట్టే చెప్తున్నాను."

"పిల్లని కింద వదిలేసి పైకెలా వస్తానండీ? తండ్రినండీ నేను."

"తండ్రి గట్టు మీద. నీళ్ళలో జోడీ. ఆ మాటకి ఒప్పుకుంటేనే సూర్యలంకలో ఆఖరి పరీక్ష. లేదంటే ఇక్కడినుంచే తెనాలి బస్సెక్కండి."

 నాన్న కాలువకేసి చూస్తూ "సరేనండి" అన్నారు. ఆ "సరేనండి" సంగతి నాకు తెలుసు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నప్పుడు కూడా అదే అన్నారు. ఒక్క పూట తగ్గించిన పాపాన పోలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనూ అడిగాను, "నిజంగా పైకొస్తారా?" అని. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తూ, ఈ ఏడు ఊడ్పులు ఆలస్యమైనట్టున్నాయన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కిందే ఎక్కడో భయం కూడా పట్టుకుంది.

ఆఖరి డైవ్ సూర్యలంకలో. అప్పటికి అక్కడ చీకట్లో రెండుసార్లు మాస్టారితో కలిసి దిగి ఉన్నాం. ఈసారి మేమిద్దరమే దిగాలి. పడవలో మాస్టారు కాపలా. ఏదన్నా అయితే వెంటనే దూకడానికి మాస్టారి సీనియర్ శిష్యురాలు సాయి సుధ సిలిండరు తగిలించుకుని సిద్ధంగా కూర్చుంది. అలలు దాటి, ఒడ్డున దీపాలు చిన్నవిగా కనబడేంత దూరం వచ్చి లంగరు వేశారు. లంగరు తాడుకి, నీళ్ళ మీద తేలేలా, ఎర్రలైటున్న బుడ్డ ఒకటి కట్టారు. కింద లంగరు దగ్గర్నుంచి ఇసకలో ఇంకో తాడు పరిచి ఉంది. దాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్ళాలి. అక్కడ మేకుకి కట్టిన వస్తువేంటో తడిమి కనిపెట్టి తిరిగి రావాలి. అంతే పరీక్ష.

పొద్దుగుంకింది. మాస్టారు మా లైట్లు, అదనంగా తెచ్చుకున్న లైట్లు, మీటర్లు అన్నీ మళ్ళీ చూశారు. "నిమిషం" అన్నారు నాన్నతో, వేలు చూపించి. నాన్న తలూపారు.

కిందకి దిగాం. లోతు ఎక్కువేం లేదు, ఏడెనిమిది మీటర్లు. కానీ లైటు వేస్తే ఎదురుగా పొగమంచులా తెల్లగా ఒండ్రు తప్ప ఏమీ లేదు. వెళ్ళేటప్పుడు నాన్న ముందు, నేను వెనక. ఆయన సిలిండరుకి కట్టిన చిన్న పచ్చలైటు మసగ్గా కనబడుతూంటే దాని వెంటే వెళ్ళాను. చివర మేకుకి ఇత్తడి చెంబు కట్టి ఉంది. నాన్న దాని మూతి తడిమి, నా చెయ్యి తీసి దాని మీద పెట్టారు. నాకు నవ్వొచ్చింది. ఆయన నా మోచెయ్యి ఒక్కసారి నొక్కారు. నేనూ నొక్కాను. ఎంత బాగుందో ఆ క్షణం! ఈయన తోడొచ్చినందుకు మొదటిసారి మనసులో సంతోషపడ్డాను.

తిరుగు దారిలో నేను ముందు, ఆయన వెనక. సగం వచ్చామో లేదో, నా పిక్కకి ఏదో మెత్తగా రాసుకుపోయింది. చేపో, వలముక్కో, దేవుడికే తెలియాలి. ఉలిక్కిపడి కాలు గట్టిగా విదిలించాను. కాలికున్న రబ్బరు రెక్క వెనకాల దేనికో దభీమని తగిలింది. అది నాన్న మొహమని తెలుస్తూనే ఉంది.

అయ్యో, నాన్న మొహం మీద తన్నాను! అంతే, ఇంకేమీ తోచలేదు. గిర్రున తిరిగాను. రెండు చేతులూ ముందుకి చాపాను. వేళ్ళకి ఆయన భుజం తగిలింది. ఆ వేళ్ళు తెచ్చి నా మాస్క్ అద్దానికి అద్దుకున్నాను.

అప్పుడు తెలిసింది, నా చేతిలో తాడు లేదని.

కిందకి తడిమాను. ఇసక. పక్కకి తడిమాను. ఇసక. నేను తిరిగిన తిరుగుడికి ఒండ్రంతా లేచింది. నీటివాలు నన్ను పక్కకి లాగుతోంది. భుజం ఉన్నచోట భుజం లేదు. పచ్చలైటు లేదు. నోట్లో గొట్టం ఉంది కాబట్టి గానీ, "నాన్నా" అని అరిచేదాన్ని. అరిచాను కూడా, బుడగలొచ్చాయి.

నిమిషం. లెక్కపెట్టడం మొదలెట్టాను. మాస్టారు చెప్పినట్టు నా లైటు గుండెలకి ఆనించి కప్పేశాను, ఆయన లైటు ఎక్కడన్నా కనబడుతుందేమోనని. కాటుక చీకటి. చుట్టూ తిరిగాను. తలెత్తి చూశాను. ఏమీ లేదు. ఆయన మాస్క్ ఊడిపోయిందా? నోట్లో గొట్టం ఊడిపోయిందా? నేను తన్నిన తాపుకి స్పృహ తప్పిందా? లెక్క మధ్యలో ఈ ప్రశ్నలే. ఇంకో ఆలోచన వీటన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. ఆయనకేమీ కాకపోతే, ఆయన పైకి రారు. ఆయన సిలిండరులో ఇంకా బోలెడు గాలి ఉంది. అది ఉన్నంతసేపూ ఈ చీకట్లో, తాడు కూడా వదిలేసి, నన్ను వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటారు. కాలేజీ గేటు దగ్గరే నన్ను వదలని మనిషి, ఇక్కడ వదులుతారా?

లెక్క అయిపోయింది. ఒట్టు, కాళ్ళు పైకి రానన్నాయి. పైకి వెళ్తున్నానంటే నాన్నని సముద్రంలో వదిలేసి వెళ్తున్నాననే కదా. "ఇంకాస్త చూస్తానండి" అని ఆయన ఎందుకన్నారో అప్పుడర్థమైంది. కానీ మాస్టారి గొంతు కూడా చెవిలో ఉంది. ఎక్కడో ఒక మూల ఆయన పైకి వచ్చి ఉంటే? నేను కనబడక మళ్ళీ దూకితే? చెయ్యి తల మీదకి ఎత్తాను. ఊపిరి బిగబట్టకుండా, నా బుడగలకంటే నెమ్మదిగా, ఏడ్చుకుంటూ పైకొచ్చాను. మాస్క్ లోపల ఏడవడం ఎంత నరకమో ఎవరికి చెప్పినా అర్థం కాదు.

తల బయటికి రాగానే లైటు తల మీద గుండ్రంగా తిప్పాను, ఈల ఊదాను. పడవ దగ్గరికొచ్చింది. మాస్టారు నన్ను పైకి లాగారు.

"నాన్నగారు?" అన్నాను.

"ఇంకా రాలేదమ్మా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "తాడు వదిలేశానండీ. కాలు తగిలిందని దణ్ణం పెట్టుకున్నానండీ మాస్టారూ!" అని వెర్రిదానిలా అరిచాను. ఆయన అరవలేదు. సాయి సుధ వైపు తిరిగి తలూపారు. ఆ అమ్మాయి మాస్క్ దింపుకుంది. నేను మళ్ళీ దూకబోతే మాస్టారు నా డైవింగ్ జాకెట్ పట్టీ పట్టుకుని ఆపారు.

"వదలండి! మీకేం తెలుసు, ఆయన రారు! ఆయన నన్ను వదిలేసి ఛస్తే రారు!" అని ఆయన చేతి మీద కొట్టాను కూడా.

"నువ్వు దూకితే నేను ముగ్గుర్ని వెతకాలి. కూర్చో" అన్నారాయన. పట్టీ మాత్రం వదల్లేదు.

కూర్చున్నాను. ఎదురుగా ఎర్రలైటు బుడ్డ అలకి లేచి దిగుతోంది. సాయి సుధ పడవ అంచు మీద కూర్చుని, వెనక్కి ఒరగబోతూ ఠక్కున ఆగింది. బుడ్డ కింద నీళ్ళలో మసగ్గా పచ్చగా ఏదో కనబడింది. అది నెమ్మదిగా పెద్దదైంది. నీళ్ళు చీల్చుకుని ఒక తల బయటికొచ్చింది.

మా నాన్నే! మాస్క్ మెడలో వేలాడుతోంది. ముక్కు పక్కన గాటు. ఒక చేత్తో లంగరు తాడు కరిచి పట్టుకున్నారు. ఆయన మాస్క్‌లోనే కళ్ళద్దాల పవరు కూడా ఉంటుంది. అది లేకపోతే పడవ కూడా ఆనదు ఆయనకి. నేను ఉన్నానో లేదో తెలియదు. గొట్టం ఉమ్మేసి, లైటు కనబడిన వైపు మొహం తిప్పి, ఎప్పుడూ వినని గొంతుతో అన్నారు:

"మాస్టారూ, పిల్లని కింద వదిలేసి వచ్చానండీ."

  సూర్యలంక ఊరంతా వినబడేలా "నాన్నా!" అని అరిచాను. "ఇక్కడే ఉన్నా నాన్నా, నీ ముందే ఉన్నా!" పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని నువ్వు అన్నది అప్పుడే.

ఆయన్ని పడవలోకి లాగాం. సాయి సుధ తువ్వాలు కప్పింది. మాస్క్ ఊడినా ఆయన తాడు వదల్లేదట. దాన్ని లాగి చూశారట, జవాబు లేదు. కళ్ళు కనబడక చెయ్యి చాపి చుట్టూ తడిమారట.

"నిమిషం లెక్కపెట్టానమ్మా" అన్నారు. "అరవై దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఒకటి నుంచి మొదలెడదామనిపించింది. తాడు వదిలితే ఇంకో రెండు బారలు వెతకొచ్చు కదా అనిపించింది."

"మరి?"

"నువ్వు పైకి వెళ్ళి ఉంటావనిపించింది. నీకు పని వచ్చు, నాకంటే బాగా వచ్చు. ఇన్నాళ్ళూ ఆ మాట ఒప్పుకోలేదు నేను. నీకొచ్చని నమ్మితేనే కదా నేను పైకి రాగలిగేది. నమ్మి వచ్చాను." కళ్ళు తుడుచుకుని, "పైకొచ్చేంతసేపూ చచ్చిపోయాననుకో" అన్నారు.

ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. మన ఇళ్ళలో తండ్రికి థాంక్స్ చెప్పడం ఉండదు. అయినా చెప్పాను. పొద్దున్నుంచి సాయంత్రందాకా నా కాలేజీ గేటు దగ్గర కూర్చున్నందుకు ఏనాడూ చెప్పలేదు, పైగా విసుక్కున్నాను. నన్ను వదిలేసి వచ్చినందుకు చెప్పాను. మాస్టారికీ చెప్పాను, ఆ కాలువగట్టు మీద టీ గ్లాసు అంత గట్టిగా పెట్టినందుకు, నేను కొట్టినా పట్టీ వదలనందుకు. ఆయన దగ్గి, "తాడు వదిలావు, పరీక్ష తప్పావు. వచ్చేవారం మళ్ళీ రా" అన్నారు. అలాగేనన్నాను. నాకు కోపం రాలేదు.

పడవ ఒడ్డు వైపు తిరిగింది. నాన్న సంచీలో ఫోన్ మోగింది. అమ్మ. స్పీకర్లో పెట్టారు.

"ఏవండీ, అయిందా? పిల్ల చెయ్యి వదల్లేదు కదా?"

నాన్న నా వైపు చూశారు. అబద్ధం చెప్పడం ఆయనకి చాతకాదు.

"వదిలేశానే" అన్నారు. "అది నాకంటే ముందే పైకొచ్చి నా కోసం కూర్చుంది."

 అమ్మ మండిపడింది. "ఏం తండ్రండీ మీరు? ఆ చీకట్లో ఆడపిల్లని వదిలేసి ఎలా వచ్చారు? ఫోన్ దానికివ్వండి."

నేను ఫోన్ తీసుకున్నాను.

"అమ్మా, నాన్నగారిని ఒక్క మాట కూడా అనకు" అన్నాను. "నన్ను వదిలి వచ్చారు కాబట్టే నాకు నాన్న ఉన్నారు."